వెళ్లి రామ్మా!

జపాన్‌లో చదువుల సంవత్సరం ఏప్రిల్‌లో, చెర్రీ పూలతో పాటు మొదలవుతుంది. గోదావరి కాలవ పక్క ఊరి నుంచి క్యోటో కాలవ పక్కకు చదువుకోవడానికి వెళ్లిన ఒక తెలుగు విద్యార్థిని చెబుతున్న రెండు వసంతాల అనుభవం ఇది.

2024 ఏప్రిల్ 3. జపాన్‌లో నా మొదటి ఉదయం. డార్మిటరీ గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాను. ఒళ్లో పాస్‌పోర్టు, ముందురోజు కన్సాయ్ విమానాశ్రయంలో చేతికిచ్చిన రెసిడెన్స్ కార్డు, కాగితాల కవరు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఉండే చోటు కుదిరాక 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకు వెళ్లి చిరునామా రాయించుకోవాలి. ముందు ఆ పని తెముల్చుకుందామని బయల్దేరాను.

గుమ్మం ఊడుస్తున్న పెద్దావిడ చీపురు ఆపి నావైపు చూసింది. డెబ్భై దాటి ఉంటాయి. డార్మిటరీ బాగోగులన్నీ ఆవిడే చూసుకుంటుందని అప్పటికి నాకు తెలియదు. కొంచెం ముందుకు వంగి ఒక్క మాట అంది: ‘‘ఇత్తెరాష్షాయ్.’’

నాకు అర్థం కాలేదు. నేనూ వంగి నమస్కరించి వచ్చేశాను. బస్సులో కూర్చుని ఫోన్‌లో వెతికితే ఇంగ్లిషులో నాలుగు అర్థాలు చూపించింది. జాగ్రత్తగా వెళ్లమని ఒకటి, రోజు బాగా గడవాలని ఇంకొకటి. ఆవిడ మొహంలో చూసిన దానికి అందులో ఏదీ అతకలేదు. 

రెండు వారాలకు జపనీస్ తరగతిలో టీచరు ఆ మాటను బోర్డు మీద రెండు ముక్కలు చేసి రాశారు. ‘ఇత్తె’ అంటే వెళ్లి. ‘ఇరాష్షాయ్’ అంటే రండి. వెళ్లి రండి! గుమ్మం దాటే మనిషి అనాల్సింది ‘ఇత్తెకిమాసు’. వెళ్లి వస్తాను.

మా అమ్మమ్మ ‘వెళ్తున్నా’ అంటే ఒప్పుకునేది కాదు. వీధి చివరి దాకా వెళ్లినా వెనక్కి పిలిచేది. ‘‘అదేం మాటే, వెళ్లొస్తానని చెప్పి వెళ్లాలి’’ అని నాతో అనిపించుకున్నాకే గేటు వేసేది. ఆ పట్టింపు మా ఇంటిదే అనుకున్నాను ఇన్నేళ్లూ. సముద్రాలు దాటి వచ్చిన మొదటి ఉదయమే ఒకావిడ నాకు ‘వెళ్లి రామ్మా’ అని చెప్పింది. నేను జవాబివ్వకుండా వచ్చేశాను. 

ఆ రోజు తరగతి నుంచి రాగానే ఆవిడ కోసం చూశాను. మర్నాడు పొద్దున్న బూట్లు వేసుకుని, నిలబడి, గట్టిగా చెప్పాను: ‘‘ఇత్తెకిమాసు.’’ అప్పటి నుంచి ఆవిడ నాకు మామ్మగారు.

కాలవను వెతుక్కుంటూ

‘అందరూ అమెరికా వెళ్తుంటే నువ్వు జపాన్ ఏమిటి’ అని చుట్టాలందరూ అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,000 మందికి పైనే. జపాన్‌లో 2024 మేలో అన్ని దేశాల విద్యార్థులనూ కలిపి లెక్కేస్తే 3,36,708 మంది. అందులో ముందు వరసలో ఉన్నవాళ్లు చైనా, నేపాల్, వియత్నాం పిల్లలు. మనవాళ్లు చాలా తక్కువ.

నేను మాత్రం కాలవ కోసం వెళ్లాను. మాది గోదావరి డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీటితోనే మా ఊళ్లో వరి, కొబ్బరి, పెళ్లిళ్లు, పండగలు అన్నీ. కాలవకు నీళ్లు వదిలారా, కట్టేశారా అన్నదే మాకు కేలండరు. సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది ఒక పాఠంలో తనాబె సకురో పేరు చదివాను. 1869లో రాజధాని టోక్యోకు తరలిపోయాక క్యోటో చితికిపోయింది. బివా సరస్సు నుంచి కొండలు తొలిచి ఊరికి కాలవ తెస్తే నగరం మళ్లీ లేస్తుందని అక్కడి గవర్నరు కితగాకి కునిమిచి తలపెట్టాడు. సరిగ్గా అదే కాలవ మీద తనాబె అనే కుర్రాడు ఇంజినీరింగ్ కాలేజీలో చివరి ఏడాది వ్యాసం రాస్తున్నాడు. కుడిచేతికి గాయమైతే ఎడమచేత్తో పటాలు గీసి పూర్తిచేశాడు. 1883లో చదువు ముగిసేసరికి అతనికి 21 ఏళ్లు. గవర్నరు ఆ పనికి అతన్నే పెట్టుకున్నాడు. 1885లో తవ్వకం మొదలై 1890లో నీళ్లు పారాయి. మొదటి సొరంగమే 2,436 మీటర్లు. ఆ నీటి బలంతో 1891లో కెఅగె దగ్గర కరెంటు పుట్టించారు. ఆ కరెంటుతో 1895లో క్యోటో వీధుల్లో ట్రాము నడిచింది. దేశంలో అదే మొదటి ఎలక్ట్రిక్ ట్రాము.

నా వయసు వాడు కాలేజీలో రాసిన వ్యాసం ఒక నగరానికి నీళ్లూ వెలుగూ అయింది. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జపాన్ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేశాను. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఆపైన ఆరు నెలల ఎదురుచూపు. నెలకు 1,43,000 యెన్‌లతో ‘కెంక్యూసెయ్’గా, అంటే మాస్టర్స్‌లో చేరే ముందు పరిశోధన నేర్చుకునే విద్యార్థిగా చోటు దొరికింది.

ఆ కాలవ కొమ్మ ఒకటి క్యోటో తూర్పు కొండల అంచున పారుతుంది. దాని గట్టు మీది సుమారు రెండు కిలోమీటర్ల నడకదారి పేరు తెత్సుగకు నో మిచి, తాత్వికుడి బాట. క్యోటో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన నిషిద కితరో రోజూ అటు నడిచేవాడట. యాత్రికులు పూల కోసం వస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నీళ్లవైపే చూస్తూ నిలబడ్డాను. క్యోటోలో కమో నది సహా నదులు చాలామటుకు దక్షిణానికి పారతాయి. ఈ కాలవ ఉత్తరానికి పారుతోంది. వాలు లెక్కగట్టి, కొండ అంచు పట్టుకుని, నీటిని ఎదురు దిక్కుకు నడిపించిన ఆ ఇంజినీరు చెయ్యి నాకు అక్కడ కనిపించింది.

గట్టు పొడవునా ఉన్న చెర్రీ చెట్లకూ ఒక కథ ఉంది. హషిమొతొ కన్‌సెత్సు అనే చిత్రకారుడి ఇల్లు ఆ పక్కనే. ఊరి రుణం తీర్చుకోవాలని ఆయన భార్య యొనె వందల కొద్దీ మొక్కలు నాటించింది. అప్పుడు నాటినవి చాలామటుకు ఇప్పటికే మార్చేశారు. అయినా వాటిని కన్‌సెత్సు చెర్రీలనే పిలుస్తారు. యొనె చెర్రీలని పిలిస్తే ఇంకా బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నీలం పట్టా మీద నాలుగు గంటలు

ఏప్రిల్ 1న అక్కడ ఆర్థిక సంవత్సరం, బడులు, కాలేజీలు, కొత్త ఉద్యోగాలు అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. వీధిలోకి వస్తే ఎవరిని చూసినా కొత్తవాళ్లే. ఒకే రకం నల్ల సూట్లలో కొత్త ఉద్యోగులు. తమకంటే పెద్దదిగా కనిపించే తోలు సంచి వీపున మోస్తూ ఒకటో తరగతి పిల్లలు. పరాయి దేశంలో కొత్తగా దిగిన మనిషికి ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. దిక్కులు చూస్తూ నడిచేది నేనొక్కదాన్నే కాదు.

మా ల్యాబు వాళ్లు ఆ ఆదివారం కమో నది ఒడ్డున హనామి పెట్టుకున్నారు. పూల చెట్ల కింద చాప పరిచి, కలిసి కూర్చుని తినడమే హనామి. మంచి చోటు దొరకాలంటే ఎవరో ఒకరు ముందే వెళ్లి పట్టా పరిచి కాపలా ఉండాలి. ఆ పని కొత్తగా చేరినవాళ్లది. పొద్దున్న 8 గంటలకు నీలం పట్టా చంకన పెట్టుకుని నేనూ, నీగాతా నుంచి వచ్చిన ఒక కుర్రాడూ వెళ్లాం. మిగతావాళ్లు 12 గంటలకు వస్తారు. అతనికి వచ్చిన ఇంగ్లిషు, నాకు వచ్చిన జపనీస్ కలిపినా పది వాక్యాలు దాటవు. 

మొదటి గంట ఇద్దరం నదిని చూస్తూ కూర్చున్నాం. తర్వాత అతను ఫోన్ తీసి వాళ్ల నాన్న పొలం చూపించాడు. వరి పొలం. నేను మా పొలం చూపించాను. మడికట్టు, నారుమడి, కుప్ప, గాదె... ఫొటో తర్వాత ఫొటో. నాట్లు వేస్తున్న ఆడవాళ్ల ఫొటో దగ్గర అతను ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నొప్పి అన్నట్టు మొహం పెట్టాడు. వాళ్ల మామ్మ కూడా అలాగే నాటేదట. ఇప్పుడంతా యంత్రాలే. మధ్యాహ్నం ఎండ నీటి మీద పడ్డప్పుడు అతను నది వైపు చెయ్యి చూపి ‘కిరాకిరా’ అన్నాడు. నేను ఆలోచించకుండానే ‘తళతళ’ అన్నాను. అతను ‘తళతళ’ అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. 

చెర్రీ పూల గురించి అంతకుముందు నాకు తెలిసింది సినిమాల్లో చూసిందే. చెట్టు వెనకున్న సంగతి ల్యాబు వాళ్లు చెప్పారు. జపాన్‌లో ఎక్కువగా కనిపించే రకం సొమెయ్ యోషినో. షోగన్లు ఏలిన ‘ఎదో’ కాలం చివర్లో, ఇప్పటి టోక్యోలో కలిసిపోయిన సొమెయ్ అనే ఊరి తోటమాలులు ప్రచారంలోకి తెచ్చిన చెట్టు. గింజతో రాదు, అంటు కట్టాల్సిందే. మా కడియం నర్సరీల్లో మామిడికి అంటు కట్టినట్టే. అందుకే దేశంలోని ఆ రకం చెట్లన్నీ జన్యువుల లెక్కలో ఒకే చెట్టు. ఒక ఊళ్లో వాతావరణం అనుకూలించగానే అన్నీ కూడబలుక్కున్నట్టు విచ్చుకుంటాయి, వారం పది రోజుల్లో రాలిపోతాయి. పూత ఎప్పుడు మొదలైందో చెప్పడానికి వాతావరణ శాఖ ఒక్కో నగరంలో ఒక్కో నమూనా చెట్టును పెట్టుకుంది. టోక్యోది యసుకుని మందిరంలో ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చితే ‘పూత మొదలైంది’ అని ప్రకటిస్తారు. 80 శాతం విచ్చితే ‘నిండుపూత’. ఒక చెట్టు కొమ్మ కింద అధికారి నిలబడి పూలు లెక్కపెడుతుంటే టీవీలన్నీ ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. 2024లో మార్చి చలి వల్ల టోక్యో చెట్టు ఆలస్యంగా, 29న పూసింది. 

క్యోటోలో ఈ లెక్క ఇంకా పాతది. చక్రవర్తులు, ఆస్థానంలోని వాళ్లు, బౌద్ధ సన్యాసులు రాసుకున్న దినచర్య పుస్తకాల్లో పూలు చూడబోయిన రోజులు ఉన్నాయి. అవోనో యసుయుకి అనే శాస్త్రవేత్త వాటిని ఒక్కొక్కటే చదివి, తొమ్మిదో శతాబ్దం నుంచి క్యోటోలో నిండుపూత ఎప్పుడొచ్చిందో పట్టిక కట్టాడు. 1200 ఏళ్ల ఆ పట్టికలో అప్పటిదాకా లేనంత తొందరగా 2021లో పూశాయి. ఆ ఏడు నిండుపూత మార్చి 26న వచ్చింది. అంతకుముందు రికార్డు 1409లో మార్చి 27. భూమి వేడెక్కడం, నగరం వేడెక్కడం రెండూ కలిసి పూతను ముందుకు లాగుతున్నాయి. ఎవరో సన్యాసి ‘ఈ రోజు పూలు చూశాను’ అని రాసుకున్న ముక్క ఇన్ని వందల ఏళ్లకు మనకు వాతావరణ సాక్ష్యమైంది. నీళ్ల శాస్త్రం చదివేదాన్ని కాబట్టి, మా ఊరి కాలవ కాపలా చూసే లస్కర్లు రాసుకున్న పుస్తకాల్లో ఎన్నింటిని చెదలు తినేశాయోనని ఆ పట్టిక చూసినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

వసంతంలో ముక్కు కూడా బాధపడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం కొండల నిండా సుగి, హినొకి చెట్లు నాటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా వాటి పుప్పొడి గాలిలో తేలుతూ వస్తుంది. ప్రతి ఐదుగురిలో ఇద్దరికి తుమ్ములు, కళ్ల దురద. పూల కింద మాస్కులు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 9, మంగళవారం. రాత్రి 9:30కి అమ్మ ఫోన్. అక్కడ సాయంత్రం ఆరు. ‘‘పచ్చడి తిన్నావామ్మా?’’ అంది. ఏ పచ్చడి అని అడగబోయి ఆగిపోయాను. ఆ రోజు క్రోధి నామ ఉగాది. నేను మర్చిపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఉగాది పచ్చడి తినని మొదటి ఏడాది అది. తిన్నానని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. కాలవ గట్టుకు వెళ్లి చూస్తే నీటి నిండా రేకులు. వాటిని ‘హనఇకాద’ అంటారు, పూల తెప్ప. ఆ నెలలోనే మా ఊళ్లో కాలవ కట్టేస్తారు, అడుగున పగుళ్లు కనిపిస్తాయి. గులాబీ రంగు నీళ్లు నెమ్మదిగా ఉత్తరానికి పోతుంటే చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

తెలుగు తాళంచెవి

విదేశంలో చదువంటే ఇంగ్లిషు ఉంటే చాలనే ధీమాతో వెళ్లాను. మా ల్యాబులో పరిశోధన పత్రాలు ఇంగ్లిషే. కానీ మనుషులు జపనీస్‌లో ఉంటారు. నేను ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లిషులో కట్టి, దాన్ని తలకిందులు చేసి జపనీస్‌లోకి తెచ్చేదాన్ని. నోరు విప్పేసరికి ఎదుటివాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయేవాళ్లు. 

‘వెళ్లి రా’ దొరికాక నాకు పట్టుదల వచ్చింది. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు జపనీస్, కుడివైపు తెలుగు రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లిషును తీసేశాను. ‘వతాషి వ మిజు ఒ నొమిమాసు.’ నేను నీళ్లు తాగుతాను. ఏ మాట చోటూ మారలేదు. క్రియ చివర్లోనే ఉంది. ‘కురు తొ ఇత్తా’ అంటే ‘వస్తాను అని అన్నాడు’. ఆ ‘తొ’ మన ‘అని’. ‘కత్తె ఒయితె’ అంటే ‘కొని ఉంచు’. అందులోనూ కొనడం, ఉంచడం అనే రెండు క్రియలే. ‘తబెతె మితె’ అంటే ‘తిని చూడు’. తినేదాన్ని కంటితో చూడమని కాదు, రుచి తెలుసుకోమని. ఇంగ్లిషులో దీన్ని వివరించడానికి పుస్తకంలో ఒక పేజీ తీసుకున్నారు. తెలుగులో చెబితే చంటిపిల్లకు కూడా తెలుస్తుంది.

అక్షరమాల దగ్గర నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వాళ్ల అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరసలు క, స, త, న, హ, మ, య, ర, వ. మన వరస పక్కన పెట్టుకోండి. ‘స’ ఉన్నది మన ‘చ’ చోట. ‘హ’ ఉన్నది ‘ప’ చోట, ఎందుకంటే ఆ ధ్వని ఒకప్పుడు ‘ప’నే. బౌద్ధ గ్రంథాల కోసం సంస్కృత అక్షరాలు నేర్చిన సన్యాసుల వల్ల ఈ వరస వచ్చింది. ఇప్పటికీ అక్కడి శ్మశానాల్లో సమాధుల వెనక నిలబెట్టే చెక్కపలకల మీద సిద్ధం లిపిలో సంస్కృత బీజాక్షరాలు ఉంటాయి. 736లో భారతదేశం నుంచి బోధిసేనుడు జపాన్ చేరాడు. 752లో నారాలోని తొదైజి మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దింది ఆయనే. అంతకాలం కిందటే ఒకరు ఈ దారిన వచ్చారన్న సంగతి, ఒంటరిగా ఉన్నప్పుడు నాకు చుట్టం కబురులా ఉండేది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. చైనా లిపి నుంచి వచ్చిన కంజి గుర్తుల దగ్గర తెలుగు ఏ సాయమూ చెయ్యదు. అక్కడ నా పక్కన కూర్చున్న చైనా అమ్మాయి చకచకా చదివేస్తుంటే నేను రోజుకు పది గుర్తులు దిద్దుకున్నాను. కానీ మాట వింటే అర్థం కావడం, పెద్దవాళ్లతో ఒకలా, సాటివాళ్లతో ఒకలా మాట్లాడటం నాకు త్వరగా పట్టుబడ్డాయి. మీరు, నువ్వు తేడా పుట్టుకతో ఉన్న భాష మనది. సాయంత్రం ల్యాబు నుంచి వెళ్లేటప్పుడు ఒకరితో ఒకరు ‘ఒత్సుకరెసమ’ అంటారు. అలసిపోయి ఉంటారు అని. కష్టపడ్డ మనిషిని ఎదురుగా గుర్తించే ఆ పలకరింపు నాకు చాలా ఇష్టం. మన ఆఫీసుల్లో ఎందుకు లేదా అనుకుంటాను.

జపాన్ రావాలనుకునే తెలుగు పిల్లలకు నేను చెప్పేది ఇదే: కోచింగ్ పుస్తకం ఇంగ్లిషుదే అయినా, నోట్సు తెలుగులో రాసుకోండి. 

మే నెల జబ్బు

పూలు రాలాక వచ్చే కాలానికి వాళ్లకొక మాట ఉంది, ‘గొగత్సుబ్యో’. మే నెల జబ్బు. ఏప్రిల్ అంతా కొత్త చోట ఊపుగా తిరిగిన మనిషి, మే మొదట్లో వరస సెలవులు రాగానే కూలబడతాడు. ఒక జాతి మొత్తం ఈ బెంగకు పేరు పెట్టుకోవడం నాకు ఓదార్పే. నన్నూ అది వదల్లేదు. 

సెలవుల్లో ల్యాబు ఖాళీ అయింది. పిల్లలంతా సొంత ఊళ్లకు వెళ్లారు. దానికి ముందు వారమే, విజయవాడ నుంచి వచ్చిన ఒక స్నేహితుడికి గది వెతకడానికి ఇద్దరం ఇళ్లు చూపించే ఆఫీసుకు వెళ్లాం. అతను శాకాహారి. చేపతో చేసిన ‘దాషి’ పులుసు లేని వంటకం బయట దొరక్క బాగా చిక్కిపోయాడు, సొంతంగా వండుకోవాలని అతని ఆశ. ఆఫీసు వాళ్లు మా ఎదురుగానే యజమానికి ఫోన్ చేశారు. విదేశీ విద్యార్థి అనగానే అవతలి గొంతు మారింది. ఇవ్వరట. నాలుగు ఇళ్లకు చేస్తే మూడింటి నుంచి అదే జవాబు. మర్యాదలో ఏ లోటూ లేదు, అందరూ తలలు వంచి క్షమించమన్నారు. కానీ భాష అర్థమవుతున్న కొద్దీ ఆ మాట తగిలే చోటు లోతవుతుంది. వచ్చిన కొత్తలో అయితే నాకు తెలిసేదే కాదు.

మూడు రోజులు గది దాటలేదు. మే 5న తలుపు తట్టిన చప్పుడు. మామ్మగారు. చేతిలో చిన్న పళ్లెం. మూడు రోజులుగా ‘ఇత్తెకిమాసు’ వినపడలేదని వచ్చిందట. ఆ రోజు పిల్లల పండగ, వీధుల్లో గుడ్డ చేపలు జెండాల్లా ఎగురుతున్నాయి. పళ్లెంలో ఓక్ ఆకు చుట్టిన బియ్యప్పిండి ఉండ ఉంది, లోపల తీపి చిక్కుడు ముద్ద. కషివమొచి అంటారు. ఏప్రిల్‌లో తినే సకురమొచికి చుట్టిన ఉప్పుటాకు తినొచ్చు కానీ దీని ఆకు తినకూడదని సైగ చేసి చెప్పింది. ఓక్ చెట్టు కొత్త చిగురు వచ్చేదాకా పాత ఆకును రాల్చదు, అందుకే పిల్లల పండగకు ఆ ఆకు. ‘‘తబెతె మితె’’ అంది. తిని చూడమ్మా.

ఆకు విప్పగానే వాసన వచ్చింది. పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్కల వాసన కాదు అది. కానీ ఆవిరికి మెత్తబడ్డ ఆకు ఏదైనా, కోనసీమ మనిషికి వంటిల్లే గుర్తొస్తుంది. ఏడుపొచ్చింది. ఆవిడ ఏమీ అడగలేదు. గుమ్మంలో కూర్చుంది, నేను తినేదాకా.

ఆ నెలాఖరుకు బస్సెక్కి ఒహరా వెళ్లాను. క్యోటో ఉత్తరాన కొండల మధ్య ఊరు. మడులు నీళ్లు పెట్టి ఉన్నాయి. యంత్రం నారు నాటుకుంటూ పోతోంది, దాని వెనక ఒక ముసలాయన తప్పిపోయిన చోట్ల చేత్తో కుదుళ్లు గుచ్చుతున్నాడు. బురదనీళ్ల వాసనకు ఏ భాషా అడ్డం రాదు. సాయంత్రానికి డార్మిటరీ చేరి ‘తదాయిమా’ అన్నాను. వచ్చేశాను అని. లోపలి నుంచి ‘ఒకఎరి’ అని వినపడింది. వచ్చావా అని.

రెండో ఉగాది

2025 మార్చి 30, ఆదివారం. విశ్వావసు నామ ఉగాది. ఈసారి వారం ముందే గుర్తుపెట్టుకున్నాను. వేపపువ్వు లేదు. పచ్చిమామిడి లేదు. కూరల దుకాణంలో మామ్మగారిని వెంటబెట్టుకుని, చేదు పువ్వు కావాలని అడిగాను. మామ్మగారే ఒక్క క్షణం ఆలోచించకుండా ‘ఫుకినొతొ’ పొట్లం తీసి ఇచ్చింది. మంచు కరగ్గానే నేలలోంచి పొడుచుకొచ్చే పూమొగ్గ, మహా చేదు. వసంతంలో చేదు తినాలని, చలికాలం మొద్దుబారిన ఒళ్లు దానితో మేలుకుంటుందని వాళ్ల పెద్దవాళ్లూ చెబుతారట. నేను అక్కడే నిలబడి మా పచ్చడి గురించి చెప్పాను. ఈసారి నోటుపుస్తకం తియ్యలేదు.

బెల్లానికి ఒకినావా చెరకు ‘కొకుతొ’. అది అచ్చంగా నల్లబెల్లమే. పులుపుకు ఎండబెట్టిన ఉమె కాయ, దానితోనే ఉప్పు. వగరుకు పండని కివీ. కారానికి ఎండుమిర్చి పొడి. ఫుకినొతొ మొగ్గల్ని సన్నగా తరిగి వేశాను. రంగు మా ఇంటి పచ్చడిలా లేదు. గిన్నెలో పోసి మామ్మగారి ముందు పెట్టి అన్నాను: ‘‘తబెతె మితె కుదసాయ్.’’ తిని చూడండి.

ఆవిడ రెండు చేతులు జోడించి ఒక చెంచా తీసుకుంది. నాలుక మీద ఒకటి తర్వాత ఒకటి వస్తున్న రుచులు మొహంలో కనపడుతూనే ఉన్నాయి. చేదు దగ్గర కళ్లు మూసుకుంది. ‘‘హరు దెసు నె’’ అంది. వసంతం కదా. ఆ రాత్రి అమ్మ అడగక ముందే ఫొటో పంపాను. ‘‘నల్లగా ఉందేమ్మా’’ అంది అమ్మ. తింటే తెలుస్తుందన్నాను.

మూడు రోజులకు డార్మిటరీకి కొత్త పిల్లలు వచ్చారు. మర్నాడు పొద్దున్న నేను పసుపు రంగు చెత్తసంచి కట్టుకుని కిందికి దిగేసరికి, వియత్నాం నుంచి వచ్చిన అమ్మాయి గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటోంది. ఒళ్లో పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, కాగితాల కవరు. మామ్మగారు పెరట్లో ఎక్కడో ఉంది, చీపురు గోడకు ఆనించి ఉంది. ఆ అమ్మాయి లేచి, తలుపు తీసి, వాన చూసి ఒక్క క్షణం ఆగింది. 

నేను చెత్తసంచి కింద పెట్టి, కొంచెం ముందుకు వంగి అన్నాను: ‘‘ఇత్తెరాష్షాయ్.’’